సొంతంగా కట్టుకున్న తేలిక విమానం: ల్యాండింగ్ గేర్‌కు గ్రీజు, ఆయిలు విషయంలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో, చుట్టుపక్కల షెడ్లలో కిట్టు విమానం కడుతున్నవాళ్ల కోసం, కట్టి నడుపుతున్నవాళ్ల కోసం ఈ పేజీ. చక్రాలు, కాళ్లు, బ్రేకులు, ముక్కు చక్రం, తోక చక్రం: వీటిలో దేనికి ఏం వెయ్యాలి, దేనికి ఏమీ వెయ్యకుండా వదిలెయ్యాలి అన్నదే విషయం. మీ కిట్టు మాన్యువల్ గానీ చక్రాల తయారీదారు మాన్యువల్ గానీ వేరేగా చెబితే అదే ఖాయం చేసుకోండి.

గ్రీజు ఎక్కడైనా గ్రీజే కదా, విశాఖకు ప్రత్యేకంగా చెప్పేదేముంది?

గ్రీజుకు రెండు పనులు. లోహం లోహాన్ని ఒరుసుకోకుండా చూడాలి, నీటిని లోపలికి రానివ్వకూడదు. పొడి వాతావరణంలో మొదటి పనితోనే గడిచిపోతుంది. మన తీరంలో రెండోదే పెద్దది. తేలిక విమానం చక్రం మీద పడే బరువు తక్కువ, తిరిగేది కాసేపు. బేరింగు అరిగి పోవడం అరుదు, తుప్పు పట్టి పోవడమే ఎక్కువ. నెల రోజులు కదలకుండా నిలబడిన విమానంలో రోలర్లు ఆగిన చోటనే, వాటి కింద చిక్కుకున్న ఉప్పు తేమ ఉక్కును తింటుంది. విప్పి చూస్తే కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) లోపలి గోడ మీద రోలరుకీ రోలరుకీ మధ్య దూరంతో సమానంగా బూడిదరంగు గీతలు వరసగా కనిపిస్తాయి. ఆ బేరింగు ఇక పనికిరాదు.

దీనికి దుమ్ము తోడు. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజం పొడి, భీమిలి వైపు ఎర్రమట్టి, రెండూ బయటికి కారిన గ్రీజుకు అంటుకుంటే సానపెట్టే పేస్టు తయారైనట్టే.

ఎన్ని గంటలకోసారి చెయ్యాలి?

సెస్నా 172 మాన్యువల్ మంచి కొలమానం. చక్రాల బేరింగులకు మొదటి 100 గంటలకు, ఆ తర్వాత ప్రతి 500 గంటలకు గ్రీజు మార్చమంటుంది. కానీ దుమ్ము ప్రాంతాల్లో, సముద్రతీర పరిస్థితుల్లో నడిపితే ప్రతి 100 గంటలకూ చెయ్యమని వెంటనే చెబుతుంది. మనం రెండో కోవలోకే వస్తాం.

అయితే సొంత విమానాలు చాలావరకు ఏడాదికి 100 గంటలు ఎగరవు. అందుకని గంటల కన్నా క్యాలెండరే చూసుకోండి: 100 గంటలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. ఏడాదికి ఒక్కసారే చేసేట్టయితే డిసెంబరు చివర్లోనో జనవరిలోనో పెట్టుకోవడం మేలు. జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు. ఆ నీళ్లను లోపలే ఉంచి వేసవి దాకా ఆగితే తుప్పుకు మనమే గడువు ఇచ్చినట్టు. గ్రీజు నిపిల్ (గ్రీజు గన్ మూతి తగిలించే చిన్న ముక్కు) ఉన్న కీళ్లకు మాత్రం 50 గంటలకోసారి, పైగా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గన్ పెట్టండి.

ఏ గ్రీజు కొనాలి?

చక్రాల బేరింగులకు ఏరోషెల్ గ్రీజ్ 22 గానీ మొబిల్‌గ్రీజ్ 28 గానీ. రెండూ మిల్-పీఆర్‌ఎఫ్-81322 అనే అమెరికా సైనిక ప్రమాణానివే, సింథటిక్ నూనెను బంకమట్టి జాతి చిక్కదనంతో పట్టి ఉంచినవి. నీటికి తేలిగ్గా కొట్టుకుపోవు, బ్రేకు వేడికి కరిగి కారవు. ఏరోషెల్ గ్రీజ్ 5 కూడా చక్రాల బేరింగులకు ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. మైనస్ 23 డిగ్రీల కన్నా చలిలో అది పనికిరాదంటారు గానీ ఆ షరతు విశాఖలో మనకు అడ్డు కాదు.

టార్క్ లింకుల (చక్రం పక్కకు తిరిగిపోకుండా పట్టే కత్తెర లాంటి కీళ్లు) పిన్నులు, ముక్కు ఫోర్కు పివట్ లాంటి బరువు మోసే జారుడు కీళ్లకు 5 శాతం మాలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్) ఉన్న ఏరోషెల్ గ్రీజ్ 64 బాగుంటుంది. మాలీ గ్రీజును రోలర్ బేరింగులో పెట్టకండి. రోలర్లు దొర్లాలి, జారకూడదు.

షెడ్డులో రెండు మూడు రకాలు పెట్టుకుంటే ఒక్కోదానికి వేరే గన్ ఉండాలి. గన్ మీద పేరు పెయింటుతో రాయండి. స్టిక్కరు గ్రీజుకు ఊడిపోతుంది.

ఆటోనగర్‌లో దొరికే ఎంపీ-3 గ్రీజు సరిపోదా?

లారీ హబ్బులో బాగానే పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. ఇక్కడ ఇబ్బందులు వేరు. మొదటిది, ఎంపీ-3 అన్న మాట గట్టిదనాన్ని, వాడకాన్నే చెబుతుంది. లోపలి సబ్బు (నూనెను చిక్కగా పట్టి ఉంచేది) లిథియమా కాల్షియమా, ఏ నూనె, ఎంత వేడి ఓర్చుకుంటుంది అన్నది కంపెనీని బట్టి మారుతుంది. రెండోది, 3వ నంబరు గట్టి గ్రీజు చిన్న బేరింగు కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) సందుల్లోకి సరిగా దూరదు, విమానం గ్రీజులు సాధారణంగా 2వ నంబరువి. మూడోది, డబ్బా మూత తీసి కొట్టులో నెలల తరబడి పెట్టి తూకానికి అమ్మే గ్రీజులో ఇసుక ఉండే అవకాశం ఎక్కువ. షెడ్డు తలుపు కీళ్లకు, ట్రాలీ చక్రాలకు నిశ్చింతగా వాడుకోండి.

పాత గ్రీజు మీదే కొత్త రకం పెడితే ఏమవుతుంది?

బంకమట్టి రకం, లిథియం కాంప్లెక్స్ రకం పొసగవు. ఏరోషెల్ 5, 6, 7, 22, మొబిల్‌గ్రీజ్ 28 మొదటి జాతి. ఏరోషెల్ 33, 64 రెండోది. కలిపితే చిక్కదనం చెడి, పలచబడి నూనె విడిపోతుంది. బేరింగు పొడిబారుతుంది, విడిపోయిన నూనె బ్రేకు మీదికి చేరుతుంది. రంగు చూసి నిర్ణయించకండి. మొబిల్ 28 ఎరుపు, ఏరోషెల్ 33 ఆకుపచ్చ అన్నది కొత్త డబ్బాలోనే తెలుస్తుంది, ఏడాది వాడాక అన్నీ నలుపే. పాతది ఏదో తెలియకపోతే పూర్తిగా కడిగి మొదలుపెట్టండి. నిపిల్ ఉన్న కీళ్లలో విప్పడం కుదరకపోతే కొత్తది శుభ్రంగా బయటికి వచ్చేదాకా నెట్టి, 10 గంటలకు మళ్లీ ఒకసారి నెట్టండి.

చక్రం బేరింగు విప్పి, కడిగి, గ్రీజు పట్టించే పద్ధతి మొదటి నుంచి చెప్పండి.

ముందు విమానం కదలకుండా చూడాలి. రెండో చక్రానికి ముందూ వెనకా చెక్కలు పెట్టి, జాకీని మాన్యువల్ చూపిన చోటే ఆనించండి. చక్రం తీయబోయే ముందు టైరులో గాలంతా వదిలి, వాల్వు పిన్ను కూడా ఊడదీయండి. ఇది చాదస్తం కాదు. చక్రం రెండు సగాలను కలిపే బోల్టు ఏదైనా తెగి ఉంటే ఇన్నాళ్లూ దాన్ని పట్టి ఉంచింది యాక్సిల్ నట్టే కావచ్చు. గాలి ఉండగా నట్టు వదిలితే చక్రం పేలినట్టే విడిపోతుంది.

బ్రేకు కాలిపర్‌ను (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి తీగతో కాలికి కట్టండి, హోస్ మీద వేలాడనివ్వకండి. చక్రం బయటికి వచ్చాక రింగు తీసి, సీలు ముక్కలను వచ్చిన వరసలోనే కాగితం మీద పేర్చి ఫోటో తీసుకోండి. క్లీవ్‌లాండ్ చక్రాల్లో రెండు లోహపు రింగుల మధ్య ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని రింగు) ఉంటుంది, ఆ వరస తప్పితే నీరు నేరుగా లోపలికి పోతుంది. ఎడమ, కుడి, లోపలి, బయటి కోన్లకు (రోలర్లున్న లోపలి రింగులు) చీటీలు కట్టండి. కోను తన కప్పుతోనే అరిగి ఉంటుంది, మారిస్తే రెండింటికీ చెరుపే.

కడగడానికి పెయింటు కొట్టులో దొరికే మినరల్ టర్పెంటైన్ చాలు. రెండు ట్రేలు పెట్టుకోండి: మొదటిదాంట్లో మురికి, రెండోదాంట్లో ఆఖరి కడుగు. పెట్రోలు వద్దు. నిప్పు భయం ఒకటి, అది చటుక్కున ఆవిరై ఉక్కును చల్లబరచడం ఇంకొకటి. మన గాలిలోని తేమ ఆ చల్లటి ఉక్కు మీద మంచులా పడుతుంది, కడిగిన బేరింగు మీద మనమే నీళ్లు చల్లినట్టవుతుంది. కంప్రెసరు గాలితో రోలర్లను గిరగిరా తిప్పి ఆరబెట్టడం చాలామందికి సరదా. గ్రీజు లేకుండా ఆ వేగంలో రోలర్లు చెక్కుకుపోతాయి, కేజ్ తెగి ముఖాన ఎగరొచ్చు కూడా. పైగా ట్యాంకు అడుగున నీళ్లు దించని కంప్రెసరు గాలి తడిగానే ఉంటుంది. నూలు రాని గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద ఆరనివ్వండి.

ఇక్కడి నుంచి చేతికి నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. మే నెలలో రేకుల షెడ్డులో చెమట కారుతున్న వేళ్లతో పట్టుకున్న రోలరు మీద మర్నాటికి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు మరక కనిపిస్తుంది. కడిగి ఆరాక బేరింగును రాత్రంతా వదిలేయకండి. ఆ పూటే గ్రీజు పట్టించలేకపోతే నూనెలో ముంచి కవరులో కట్టి పెట్టండి.

భూతద్దంతో చూడండి. రోలర్ల వెడల్పు చివర గీతలు, వేడికి నీలం లేదా గోధుమ రంగు తిరిగిన చోట్లు, కప్పు మీద వరస గీతలు, వంగిన కేజ్. కప్పు మీద గోరు గీసినప్పుడు ఎక్కడైనా తట్టుకుంటే కోను, కప్పు రెండూ మార్చాలి. కప్పు అల్యూమినియం చక్రంలో బిగుతుగా కూర్చుని ఉంటుంది. చక్రం సగాన్ని మరిగే నీళ్లలో బాగా కాగనిచ్చి తీస్తే సులువుగా వస్తుంది. గ్యాస్ మంట చూపిస్తే అల్యూమినియం బలం పోతుంది.

గ్రీజు పట్టించడం చేత్తోనే. అరచేతిలో ఉసిరికాయంత గ్రీజు తీసుకుని, కోను వెడల్పు వైపు అంచును దానిమీద ఒత్తుతూ లాగండి. రోలర్ల మధ్య నుంచి సన్నటి వైపు గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా ఒక్కచోటే ఒత్తాలి, తర్వాత కొంచెం తిప్పి మళ్లీ. చుట్టూ ఒక రౌండు పూర్తయ్యాక రోలర్ల పైన పలచగా ఒక పూత, కప్పు లోపల ఒక పూత. యాక్సిల్ మీద కూడా పలచని పూత పెడితే కోను దానికి తుప్పుతో అతుక్కోదు. ఫెల్ట్‌ను సన్నటి నూనెలో తడిపి పిండి పెట్టండి.

హబ్బు నిండా గ్రీజు కూరితే నీరు రాదు కదా?

రాదేమో గానీ గ్రీజే బయటికి వస్తుంది. ల్యాండింగు తర్వాత బ్రేకు డిస్కు వేడి హబ్బులోకి పాకుతుంది. ఖాళీ లేనిచోట గ్రీజు ఉబ్బి సీలును తోసుకుని, నేరుగా డిస్కు మీదికి పోతుంది. హబ్బు లోపలి గోడకు తుప్పు పట్టకుండా పూత చాలు.

యాక్సిల్ నట్టు ఎంత బిగించాలి?

చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టు బిగించండి. చక్రం బరువుగా తిరిగేదాకా వచ్చాక, అంటే రోలర్లు కప్పులో కుదురుకున్నాక, నట్టు పూర్తిగా వదులు చెయ్యండి. మళ్లీ తిప్పుతూ, అటూ ఇటూ ఊగు పోయేదాకా మాత్రమే బిగించండి. పిన్ను రంధ్రం రెండు గాడుల మధ్య పడితే వదులు వైపు గాడికే వెళ్లండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక తెలియకూడదు. తెలిస్తే వాషరు మందం మార్చుకోండి. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే.

బిగువు ఎక్కువైతే బేరింగు వేడెక్కి నీలం తిరుగుతుంది. వదులైతే డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి తోస్తుంది, మొదటిసారి తొక్కినప్పుడు పెడలు లోపలికి పోతుంది. చాలామంది అప్పుడు బ్రేకులో గాలి చేరిందనుకుని బ్లీడ్ చేస్తూ (ఆయిలుతో పాటు గాలిని బయటికి తోస్తూ) కూర్చుంటారు. కొత్తగా గ్రీజు పట్టించిన చక్రాన్ని రెండు మూడు ల్యాండింగుల తర్వాత మళ్లీ ఊపి చూడండి. అదనపు గ్రీజు పక్కకు జరిగి కాస్త వదులు వస్తుంది.

వేటికి అసలు గ్రీజు వెయ్యకూడదు?

టెఫ్లాన్ లైనరున్న రాడ్ ఎండ్లకు వద్దు. అవి పొడిగా పనిచేసేలా చేసినవి, గ్రీజు పెడితే లాభం లేదు, దుమ్ము మాత్రం పడుతుంది. బంజీ తాళ్లకు, రబ్బరు డిస్కులకు, టైర్లకు పెట్రోలియం నూనె తగలనివ్వకండి, ఉబ్బి మెత్తబడతాయి. మైక్రోస్విచ్‌లకు వద్దు. స్ప్రింగు కాలు శరీరానికి బిగించే చోట జారుడే ఉండకూడదు. అక్కడ బోల్టు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే అది గ్రీజు అడగడం కాదు, కాలు కదులుతోందని అర్థం. విప్పి బిగువు, రంధ్రాల అరుగుదల చూడాలి.

బోల్టుల మర కూడా ఇదే కోవ. చక్రం సగాలను కలిపే బోల్టులకు మాన్యువల్ పొడి టార్కు ఇస్తే మరకు నూనె తగిలించకండి. నూనె ఉంటే రాపిడి తగ్గి, రెంచి మీద అదే అంకెకు బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. చక్రం మీద టార్కు అంకె పక్కన నూనెతోనా పొడిగానా అని రాసి ఉంటుంది, చదివి బిగించండి.

బ్రేకు కాలిపర్ పిన్నులకు ఏం వెయ్యాలి?

కాలిపర్ తన రెండు పిన్నుల మీద స్వేచ్ఛగా జరగాలి. తుప్పు పట్టి ఆగిపోతే ఒక ప్యాడే అరుగుతుంది, డిస్కు రాసుకుంటూనే ఉంటుంది. పిన్నులను సన్నటి స్కాచ్‌బ్రైట్‌తో శుభ్రం చేసి, సిలికోన్ స్ప్రే లాంటి పొడిగా ఆరే లూబ్రికెంట్ వెయ్యండి. గ్రీజు పెడితే దుమ్ముతో గట్టిపడి అదే పిన్నును పట్టేస్తుంది. స్ప్రే కొట్టేటప్పుడు డిస్కును, ప్యాడ్లను గుడ్డతో కప్పండి. గ్రీజు పీల్చిన ప్యాడ్లను కాల్చి, కడిగి వాడుకోవాలని చూడకండి, కొత్తవి వెయ్యండి.

క్రోమ్ లేని ఉక్కు డిస్కు మన గాలిలో ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. దానికి నూనె పూయకండి. ట్యాక్సీలో రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేస్తే పోతుంది.

కారు బ్రేకు ఆయిలు పోయొచ్చా?

సీళ్లు ఏవో చూసి చెప్పాలి. క్లీవ్‌లాండ్, మాట్కో బ్రేకుల్లో మామూలుగా వచ్చే నైట్రైల్ రబ్బరు ఓ-రింగులకు మిల్-5606 ఎర్ర ఆయిలు గానీ దాని సింథటిక్ తమ్ముడు 83282 గానీ పడుతుంది. కారు డాట్-3, డాట్-4 ద్రవం వాటిని పాడుచేస్తుంది. ఈపీడీఎం అనే వేరే రబ్బరు సీళ్లుంటే తిరగబడుతుంది, ఎర్ర ఆయిలే వాటికి విషం. కొత్త ఓ-రింగును ఎక్కించే ముందు ఆ వ్యవస్థలో వాడే ద్రవంతోనే తడపండి.

ఆయిలు, గాలి కలిసిన స్ట్రట్టు (కుదుపును మింగే కాలు) ఉంటే మెరిసే క్రోమ్ గొట్టాన్ని 5606లో తడిపిన గుడ్డతో తుడవండి, గ్రీజు వద్దు. దుమ్ముతో కలిసిన గ్రీజు పైకి వెళ్లేటప్పుడు సీలును కోస్తుంది. ఎగరడానికి ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తుడిస్తే సీలు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ముక్కు చక్రం వణుకుతోంది. గ్రీజు పెడితే తగ్గుతుందా?

కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, ఎందుకంటే చిక్కటి గ్రీజు అరిగిన సందును నింపుతుంది. అసలు కారణాలు వేరేచోట ఉంటాయి: టార్క్ లింకు బుష్‌ల అరుగుదల, టైరులో గాలి తక్కువ, బ్యాలెన్సు లేని చక్రం, డ్యాంపరులో ఆయిలు తగ్గడం. స్వేచ్ఛగా తిరిగే ముక్కు ఫోర్కు ఉన్న కిట్లలో వణుకును ఆపేది పివట్ మీది స్ప్రింగు వాషర్ల రాపిడి. యాక్సిల్ దగ్గర స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, ఫోర్కు ఎంత బలానికి కదులుతుందో చూడాలి. ఆర్‌వీ (వ్యాన్స్ కంపెనీ కిట్లు) తరహా విమానాల్లో ఇది 22 నుంచి 26 పౌన్లు, అంటే 10 నుంచి 12 కిలోల దగ్గర ఉంటుంది. మీ డ్రాయింగులో ఇచ్చిన అంకె పెట్టుకోండి. పివట్‌కు గ్రీజు నెట్టిన తర్వాత ఈ కొలత తప్పకుండా మళ్లీ చూడాలి, గ్రీజుతో అది మారుతుంది.

తోక చక్రానికి నిపిల్ నుంచి శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా నెట్టి, బయట మిగిలింది తుడవండి. లాక్ పళ్ల మధ్య గట్టిపడిన పాత గ్రీజుంటే చక్రం లాకు పడదు, విప్పి కడగాల్సిందే. గడ్డి, ఇసుక దారిలో నడిపే తోక చక్రానికి 25 గంటలకోసారి పెట్టినా ఎక్కువేమీ కాదు. నేలకు దగ్గరగా ఉండేది అదే.

గన్‌తో ఎన్ని స్ట్రోకులు కొట్టాలి?

ముందు మీ గన్ ఒక్క స్ట్రోకుకు ఎంత ఇస్తుందో తెలుసుకోండి. 10 స్ట్రోకులు కాగితం మీద వేసి వంటింటి త్రాసులో తూచండి, చాలా గన్‌లు స్ట్రోకుకు ఒక గ్రాము చుట్టుపక్కల ఇస్తాయి. చిన్న కీలుకు రెండు మూడు స్ట్రోకులు సరిపోతాయి. పాతది బయటికి రాకుండా గన్ గట్టిపడితే బలం పెట్టకండి. చేతి గన్ కూడా సీలును ఊడగొట్టేంత ఒత్తిడి ఇస్తుంది. కీలు మీద బరువు తీసేసి, అంటే చక్రం గాల్లోకి లేపి, మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే నిపిల్ మార్చండి. పెట్టే ముందు నిపిల్ తల తుడవడం మరిచిపోతే తలమీద ఉన్న ఇసుకే ముందు లోపలికి పోతుంది.

ముడుచుకునే గేర్ ఉంటే?

అప్‌లాక్ కొక్కేలు (ముడిచిన గేర్‌ను పైన పట్టి ఉంచేవి), పివట్లు, స్క్రూలు అన్నీ మాన్యువల్ చార్టు ప్రకారం. లాంగ్-ఈజెడ్ లాంటి సొంతంగా కట్టుకునే విమానాల్లో చేత్తో తిప్పే ముక్కు చక్రం వర్మ్ గేర్‌కు గ్రీజు పళ్లలో ఉండాలి, పక్కన కాదు. పని పూర్తయ్యాక జాకీల మీద పెట్టి అయిదారుసార్లు ముడిచి దించండి, అత్యవసర పద్ధతిలో కూడా ఒకసారి దించి చూడండి. కొత్త చిక్కటి గ్రీజుతో సొంత బరువుకు దిగే గేర్ ఆగిపోయిందంటే అది నేల మీదే తెలియాలి.

డబ్ల్యూడీ-40 ఎక్కడైనా వాడొచ్చా?

తుప్పు పట్టిన బోల్టు వదలడానికి, తడి తోలడానికి మంచిదే. బేరింగు దగ్గర, నిపిల్ కీళ్ల దగ్గర కొట్టకండి. ఉన్న గ్రీజును కరిగించి కడిగేసి, కొద్ది రోజుల్లో తానూ ఆవిరైపోతుంది. ఉక్కు గొట్టపు కాలి లోపల, బోల్టు తలల మీద ఉప్పు గాలికి అడ్డంగా ఏసీఎఫ్-50 లాంటి తుప్పు నిరోధక ద్రవాలు వాడండి, బ్రేకులకు దూరంగా.

తుపానులో షెడ్డులోకి నీళ్లు వచ్చాయి. గంటలు ఇంకా పూర్తి కాలేదు, ఆగొచ్చా?

యాక్సిల్ మునిగితే ఆగకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోయినా ఈ పని చేత్తో అయ్యేదే. ఆ వారంలోనే చక్రాలు విప్పి, ముందు మంచినీళ్లతో ఉప్పు, బురద కడిగి, తర్వాత టర్పెంటైన్‌తో కడిగి, కొత్త గ్రీజు పట్టించండి. గ్రీజు తెల్లగా పాలలా మారి ఉంటే లోపల నీళ్లు కలిసినట్టు లెక్క. ఫెల్ట్‌లు కొత్తవి వెయ్యండి, ఉప్పు నీరు పీల్చినవి ఎంత కడిగినా నమ్మలేం. బ్రేకు రిజర్వాయరు మూత మునిగి ఉంటే ఆయిలు కూడా కింది నుంచి పైకి బ్లీడ్ చేసి మార్చండి. మామూలు రోజుల్లో కూడా ప్రెషర్ వాషరును చక్రం మధ్యకు గురిపెట్టకండి, ఏ ఫెల్ట్ కూడా ఆ ధారను ఆపలేదు.

లాగ్ పుస్తకంలో ఏం రాయాలి?

తేదీ, విమానం గంటలు, ఏ కీలుకు ఏ గ్రీజు (కంపెనీ పేరు, నంబరుతో), మార్చిన బేరింగు నంబరు, ముక్కు ఫోర్కు బలం ఎన్ని పౌన్లు వచ్చింది. గ్రీజు పేరు రాయకపోతే వచ్చే ఏడాది పొసగని రకం కలిసిపోవడం ఖాయం. అదే పేరును చక్రం ఫెయిరింగు లోపలి వైపు మార్కరుతో కూడా రాసి ఉంచండి. పుస్తకం ఇంట్లో ఉన్నప్పుడు గన్ పట్టుకున్నవాడికి కనిపించేది అదే.